విడివిడి మార్కులు

తెలంగాణ ఏర్పడిన కొత్తలో నల్లగొండ దగ్గరి ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నన్ను ప్రాజెక్టుల కోఆర్డినేటర్‌గా వేశారు. చివరి ఏడాది విద్యార్థులు నలుగురేసి బ్యాచ్‌గా ఒక ప్రాజెక్టు చేసి, బయటి కాలేజీ నుంచి వచ్చే పరీక్షకుడికి చూపించాలి. ఆయన్ని ఎక్స్‌టర్నల్ అంటాం. అప్పటిదాకా నలుగురికీ ఒకే మార్కు. ఒకడు చేస్తే ముగ్గురు పక్కన నిలబడి తలూపేవారు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడాది పద్ధతి మార్చాం. పరికరాన్ని విప్పి బల్ల మీద పెడతాం. ఒక్కొక్కరినే పిలిచి బిగించమంటాం. ఏ భాగం ఎందుకో తెలుగులోనైనా చెప్పవచ్చు. ముందే నోటీసు పెట్టాం గానీ, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

కొల్లాపూర్ వైపు గొర్లకాపరుల ఇంటి నుంచి వచ్చిన మల్లేష్ బ్యాచ్, బోరు ఎండితే మోటారు తనంతట తానే ఆగిపోయే పరికరం చేసింది. మల్లేష్ దాన్ని చకచకా బిగించాడు. మిగతా ముగ్గురు ఏ తీగ ఎక్కడిదో తెలియక చెమటలు కక్కారు. ఎక్స్‌టర్నల్ ముగ్గురినీ ఫెయిల్ చేసి, మల్లేష్‌కు కాలేజీలోనే పై గ్రేడు ఇచ్చాడు.

సాయంత్రం మల్లేష్ నా గదికి వచ్చాడు.

"సార్, రూము కిరాయి వాళ్లే కట్టిండ్రు, వంట గూడ వాళ్లే చేసిండ్రు. నా వంతు ప్రాజెక్టు. గట్లనే అనుకున్నం. నా మార్కులు అందరికి పంచుండ్రి."

నిబంధన ఒప్పుకోదని చెప్పాను. అది నిజమే. అతను వెళ్లిపోయాడు.

ఫెయిలైన ముగ్గురూ మల్లేష్‌ను వదిలి వేరే గది చూసుకున్నారు. మల్లేష్‌కు మూడో ఏడాది సబ్జెక్టు ఒకటి మిగిలి ఉంది. ఆ పరీక్షకు రాలేదు. ఫోన్ చేస్తే వాళ్ల నాయిన ఎత్తాడు.

"గొర్లెంబడి పోయిండు సారూ. నలుగురున్నప్పుడు ఎట్లనో ఎల్లింది. గిప్పుడు ఒక్కనికి కిరాయి యాడికెల్లి తెస్తం?"

చాలా బాధగా అనిపించింది.

మరుసటి ఏడాది నుంచి బ్యాచ్ కట్టిన నెలలోనే ఎవరి పని ఏమిటో, అలా ఎందుకు పంచుకున్నారో ఆ బ్యాచ్‌ను చూసుకునే గైడు అడిగి తెలుసుకోవాలని నిబంధన పెట్టాం. ఎవరు చేశారన్నది చివరి రోజున కూడా తేలుతుంది. ఎందుకు ఒక్కడే చేశాడన్నది మాత్రం మొదట్లో అడిగితేనే పనికొస్తుంది. ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. మల్లేష్ పై గ్రేడు కాలేజీ రికార్డులో అలాగే ఉంది. డిగ్రీ మాత్రం లేదు.