తుప్పు పట్టించే చేతులు

పొద్దున్నే చేతి గడియారానికి కీ ఇవ్వడం పళ్ళు తోముకోవడమంత తప్పనిసరి అయిన రోజులవి. అప్పట్లో చిత్తూరు బజారులో నా చేతులకున్నంత పేరు మరెవరి చేతులకూ లేదు. అరచేతుల కింద చెంబు పెడితే మధ్యాహ్నానికల్లా చెమటతో నిండేది. (చెంబు అబద్ధం. నేను పట్టుకున్న కాగితాన్ని ఎండలో ఆరబెట్టాల్సి వచ్చేదన్నది మాత్రం నిజం.) చలికాలమైనా, ఫ్యాను కిందైనా అంతే. అరికాళ్ళదీ అదే వరస. నడుస్తుంటే చెప్పులు ముందు పోయేవి, నేను వెనకాల చేరేవాణ్ణి.

ఇలాంటివాణ్ణి తీసుకొచ్చి వాచీల రిపేరులో పెట్టారు. కొట్టు మా మామూది, అంటే అమ్మ తమ్ముడిది. కంటికి భూతద్దం బిగించి, వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో ఎత్తి కూర్చోబెట్టే ఆ పని మీద నాకు చెప్పలేనంత ఇష్టం. ఆగిపోయిన వాచీ నా ముందు మళ్ళీ టిక్కుమంటే ఆ పూట అన్నం గుర్తొచ్చేది కాదు. నేను బాగు చేసిన వాచీలు బ్రహ్మాండంగా నడిచేవి, ఓ నెల. తర్వాత లోపలంతా తుప్పు పట్టి తిరిగొచ్చేవి. తిరుపతి నుంచి ఓ బడి అయ్యవారు వచ్చి వాచీ బల్ల మీద పెట్టాడు.

"మా మామగారు పెండ్లికి పెట్టింది అప్పా ఇది. బాయిలో ఏమన్నా ఏసినారా?"

"మళ్ళా చేసిస్తాను సామీ," అన్నాడు మామూ, నా వైపు చూడకుండా. తిట్టి ఉంటే అంత గుచ్చుకునేది కాదు.

నేనే ఒక ఉపాయం కనిపెట్టి, చేతులకు పౌడరు దట్టంగా పూసుకుని పనిలో కూర్చున్నాను. ఈసారి వాచీలు నెల దాకా ఆగలేదు, సాయంత్రానికే ఆగిపోయాయి. మామూ ఒకటి విప్పి చూసి, "ఏరా, దీనికేమన్నా నిఖా చేస్తావుండావా? ఇంత పౌడరు కొట్టినావు," అన్నాడు.

ఇక మా ఊరు ఐరాలకు పంపేస్తాడు, అబ్బా (అదే, మా నాయన) పక్కన నిలబడి బెల్లం పాకం కలుపుతూ బతకాలి అనుకున్నాను. మామూ మాత్రం కొట్టుకు తాళం వేసి, మమానీనీ, అంటే మా అత్తనీ, కూతుర్నీ కూడా బయల్దేరదీసి, నన్ను మద్రాసులో ఓ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. చెమట పట్టించే నరాన్ని చంక దగ్గర కోసి తెంపేస్తే చేతులు ఆరిపోతాయని, కాకపోతే ఒంట్లో ఇంకోచోట చెమట ఎక్కువ కావచ్చని డాక్టరు చెప్పాడు. (ఇప్పుడు చిన్న రంధ్రాలు చేసి కెమెరాతో కానిచ్చేస్తున్నారట. నాది పెద్ద కోతే.) కాళ్ళకు వేరే ఆపరేషన్ కావాలంటే, అవి అట్లాగే ఉండనీమన్నాడు మామూ.

నేను నవ్వుతూ పెళ్ళికొడుకులా లోపలికి వెళ్ళాను. తలుపు దాకా మామూ నా తడి చెయ్యి పట్టుకునే ఉన్నాడు, ఒక్కసారైనా తన చెయ్యి తుడుచుకోలేదు.

మెలకువ వచ్చాక ఒక అరచేతిని ఇంకో అరచేతితో రుద్దుకున్నాను. పొడిగా, గరగరమంది. నా చెయ్యి నాకే కొత్త మనిషిలా తోచింది. కొట్టుకు తిరిగొచ్చాక చెమటంతా వీపుకు మళ్ళింది. చొక్కా పిండితే (ఈసారి నిజంగానే) నీళ్ళు కారేవి. నేను దిగులుపడితే మామూ, "పట్టనీలేరా. వీపుతో వాచీ విప్పేదేముండాది?" అని ఆ అయ్యవారి వాచీనే నా ముందుకు తోశాడు. అది మళ్ళీ తుప్పుతో రాలేదు. ఆ రోజు నుంచి ఈ చేతులే నాకు అన్నం పెట్టాయి. వాచీకి కీ ఇచ్చిన ప్రతిసారీ, పోయిన మామూకు మనసులో ఒక సలాం చెప్పుకుంటాను.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆనాడు మాతో మద్రాసు వచ్చిన మామూ కూతురే ఆవిడ. చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తకుండా విన్నది.

"నవ్వుతా పోయినారా? 'ఐరాలకు పంపించొద్దు మామూ' అని ఏడుస్తా పోయినారు. తుడుచుకోలేదంట. నా దుపట్టా అంతా తడిపేసినాడు మా అబ్బా. తుడుచుకునేది, మళ్ళా మీ చెయ్యే పట్టుకునేది. తుడుచుకునేది, మళ్ళా పట్టుకునేది. అట్ల రాయండి."