డబ్లిన్‌లో ఖాళీగా ఉన్న ఇల్లు

ఈ సంగతి చాలా ఏళ్ళుగా నా లోపల బరువుగా ఉంది. బరువు అనడం సరైనదేనా? బరువైతే ఎప్పుడో ఒకప్పుడు దించుకోవాలనిపించాలి కదా. నాకు చాలాకాలం అలా అనిపించలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు తలుచుకుని లోలోపల సంతోషపడిన రోజులు కూడా ఉన్నాయి. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను. ఎరిగినవాళ్ళకి చెప్పే ధైర్యం నాకు లేదు.

మాది తిరువూరు. ముస్లింలం. నాన్న టైలరు. బస్టాండుకి దగ్గర్లో షాపు. ఇప్పుడది నేనే చూసుకుంటున్నాను. సుధీర్‌ది పెనుగొలను. మామిడి తోటలూ మిరప చేలూ ఉన్న కుటుంబం. ఇంటర్లో ఇద్దరం ఒకే బెంచీ. వానలకి దారి మునిగి బస్సు రాకపోతే వాడు మా ఇంట్లోనే ఉండిపోయేవాడు. పరీక్షలొస్తే ఇక మకాం మా ఇంట్లోనే. నాన్న తన మంచం వాడికిచ్చి షాపులో చాప వేసుకుని పడుకునేవాడు. వాడు పైచదువుకి డబ్లిన్ వెళ్తుంటే కోటు కూడా నాన్నే కుట్టాడు, కుట్టుకూలి ఎంతని వాడడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నాను? దెప్పడానికి కాదనుకుంటూనే మొదలుపెట్టాను. దెప్పడానికేనేమో.

ఏడాది తర్వాత నాకూ అక్కడే సీటొచ్చింది. డబ్లిన్‌లో ఇల్లు దొరకడం అంత సులువు కాదని అప్పటికే విన్నాను. ఒక గది ఖాళీ అయితే చూడటానికి వీధి చివరిదాకా లైను కడతారు. సొంతూరు వెళ్ళేవాళ్ళు తమ గదిని నెలకో రెండు నెలలకో తెలిసినవాళ్ళకి ఇచ్చి వెళ్తుంటారు. దాన్ని సబ్‌లెట్ అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకి అలాంటిదే దిక్కు, అది దొరకాలంటే మన తరఫున మాట చెప్పే మనిషొకడు ఉండాలి. నాకు సుధీర్ ఉన్నాడు. మూడు వారాలు నా గదిలో ఉండరా, ఈలోగా వెతుకుదాం అన్నాడు. అమ్మ వాడికోసం గోంగూర పచ్చడి, సున్నుండలు కట్టిచ్చింది.

ఎయిర్‌పోర్టు నుంచి రెండు సూట్‌కేసులతో వాడి ఇంటి ముందు దిగాను. సాయంత్రం. సన్నగా వాన. వాడు కిందకి వచ్చి తలుపు తీశాడు. తీసినవాడు పక్కకి జరగలేదు.

"మా రూమ్మేట్లు ఒప్పుకోవట్లేదురా," అన్నాడు.

"ఏం? నిన్నటిదాకా బానే ఉందిగా?"

"నిన్న నీ పేరు చెప్పాను. నీకు తెలుసుగా..."

"నాకేం తెలుసు?"

వాడు నేల చూశాడు. "ఏమీ అనుకోకురా."

"నువ్వేమన్నావురా వాళ్ళతో?"

పచ్చడి డబ్బా మాత్రం తీసుకున్నాడు. అది వాడి కోసమే తెచ్చింది కాబట్టి నేనే ఇచ్చాను. వాడు తీసుకుంటాడనుకోలేదు. తీసుకున్నాడు.

ఆ తర్వాత చాలా రోజులు ఒకే గదిలో ఎనిమిది మంది పడుకునే హాస్టల్లో, పై బెర్తు మీద, పాస్‌పోర్టు చొక్కాలో పెట్టుకుని గడిపాను. పగలు కాలేజీ, మిగతా టైమంతా గదుల కోసం మెసేజీలు. ఎక్కువమంది జవాబివ్వలేదు. వాళ్ళందరూ నా పేరు చూసే ఊరుకున్నారని చెప్పలేను. అక్కడ ఎవరికీ జవాబులు రావు. కానీ సుధీర్ ఆ మాట అన్నాక ఎవరు మాట్లాడకపోయినా అదే కారణమనిపించేది. ఆ రూమ్మేట్ల మీద నాకు అంత కోపం రాలేదు. వాళ్ళెవరో, నేనెవరో. వీడు మా ఇంట్లో తిన్నవాడు.

చివరికి ఒక మలయాళీ జంట చిన్న గది ఇచ్చారు. షీబా నర్సు, బిజు హోటల్లో వంట మనిషి. నెల రోజులకని వెళ్ళి రెండేళ్ళు ఉండిపోయాను. అమ్మకీ నాన్నకీ సుధీర్ సంగతి చెప్పలేదు. "వాడు బానే చూసుకుంటున్నాడా?" అని నాన్న ఫోన్లో అడిగితే, చూసుకుంటున్నాడనేవాణ్ణి. చెబితే నాన్న చిన్నబోతాడని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ కోపం పూర్తిగా నాకే కావాలనిపించిందేమో. ఎవరితోనూ పంచుకోకుండా పెంచుకున్నాను.

రెండేళ్ళకి వాడే ఫోన్ చేశాడు. పెళ్ళయిందని ఊళ్ళోవాళ్ళ ద్వారా నాకు తెలుసు. భార్య పేరు లావణ్య, ఎ.కొండూరు అమ్మాయి. ఆమె వస్తోంది, వాడుండే ఇంటి ఓనరు ఇల్లు అమ్మేశాడు, కొత్త ఫ్లాటు చేతికి రావడానికి రెండు నెలలు పడుతుంది, ఈలోగా ఎక్కడైనా సబ్‌లెట్ ఉంటే చూడమని అడిగాడు. గొంతులో ఎంత మర్యాదో. పాత సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు.

సరిగ్గా ఆ వారమే షీబా, బిజు రెండు నెలలకి కేరళ వెళ్తున్నారు. వాళ్ళ పెద్దగది మంచివాళ్ళకెవరికైనా ఇమ్మని తాళాలు నా చేతిలో పెట్టారు. ఎవరికివ్వాలన్నది నా ఇష్టానికే వదిలేశారు.

రమ్మన్నాను. ఊరికి దూరంగా, రైల్లో గంట ప్రయాణం ఉన్నచోట ఒక గది ఇప్పటికే దొరికిందనీ, కానీ లావణ్యకి అంత దూరం కష్టమవుతుందనీ అన్నాడు. అయితే అది వదిలెయ్‌రా, మా ఇల్లుండగా ఎందుకు అన్నాను. వదిలేశాడు. వదిలేశానని వాడు చెప్పేదాకా ఆగి, అప్పుడు కానీ నేను ఊపిరి తీసుకోలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది చెప్పడమే అన్నిటికన్నా కష్టంగా ఉంది. ఆ గది నేనే ఊడ్చాను. దుప్పట్లు ఉతికి పరిచాను. వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే హీటరు వేశాను. ఎందుకు? ఆఖరి నిమిషంలో మనసు మార్చుకుందామనా? కాదు. అలా అని మీ దగ్గర మంచివాణ్ణి అనిపించుకోవచ్చు, కానీ అది అబద్ధం. లోపల వెచ్చగా, అన్నీ అమర్చిన గది ఉంటేనే బయట వాణ్ణి నిలబెట్టడంలో నాకు తృప్తి. వంటగదిలో టీ తాగుతూ, అనబోయే మాటల్ని మనసులో రెండు మూడు సార్లు అనుకుని చూసుకున్నాను.

టాక్సీ వాళ్ళని దింపి వెళ్ళిపోయేదాకా ఆగి తలుపు తీశాను. నాలుగు సూట్‌కేసులు. సుధీర్ నవ్వుతూ లోపలికి అడుగు వెయ్యబోయాడు. నేను జరగలేదు.

"మా ఓనర్లు ఒప్పుకోవట్లేదురా," అన్నాను. "నీకు తెలుసుగా."

ఆ మాట వాడికి తగలడం కళ్ళారా చూశాను. ముఖంలో రక్తం లేదు. ఎందుకని అడగలేదు, బతిమాలలేదు. ఎలా అడుగుతాడు? అడిగితే పక్కనున్న భార్యకి ఏదో ఒకటి చెప్పాలిగా. నాకు ఒళ్ళంతా తేలికయింది. అంత హాయి నా జీవితంలో మళ్ళీ దొరకలేదు, ఇది నిజం.

అంతవరకే అయితే మీకీ కథ చెప్పేవాణ్ణే కాదు.

అప్పుడు లావణ్య ముందుకొచ్చింది. అప్పటిదాకా నేను ఆమెని సరిగ్గా చూడనేలేదు. స్వెట్టరు బిగుతుగా ఉంది. ఐదో నెలో ఆరో నెలో ఉంటుంది. సుధీర్ ఆ సంగతి నాకు చెప్పలేదు. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. నన్ను మొదటిసారి చూస్తోంది, అయినా చుట్టాన్ని పిలిచినట్టు పిలిచింది.

"పర్లేదులే అన్నయ్యా, ఓనర్లు ఒప్పుకోకపోతే మీరు మాత్రం ఏం చేస్తారు? ఒక్కసారి బాత్‌రూమ్‌కి వెళ్ళొస్తాను. ఫ్లైటు దిగాక కుదర్లేదు."

సుధీర్ నా వైపు చూశాడు. ఈసారి బతిమాలాడు, కళ్ళతో. అదే నా కొంప ముంచింది. వాడు అలా చూడకపోతే ఆమెని లోపలికి రానిచ్చేవాణ్ణేమో. వాడు అడుగుతున్నాడు, నేను కాదనగలను. నాకు ఆ ఒక్కటే కనిపించింది, ఎదురుగా ఉన్న మనిషి కనిపించలేదు.

"కుదరదమ్మా. ఓనర్లు లోపలున్నారు," అన్నాను.

తలుపు వేశాను. కిటికీ పక్కన నిలబడి చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఆమె రెండు చేతులూ పొట్ట కింద పెట్టుకుని, చిన్న చిన్న అడుగులేస్తూ, సందు మలుపు దాకా నడిచింది. మధ్యలో ఒకసారి ఆగి గోడ పట్టుకుంది. సుధీర్ సూట్‌కేసుల దగ్గరే ఉండిపోయాడు, వాటిని వదిలి వెళ్ళలేక.

మర్నాడే ఆ గది ఒక తమిళ కుర్రాడికి ఇచ్చేశాను. వాళ్ళు కొన్నాళ్ళు హోటల్లో ఉండి, ఆ పైన ఎవరెవరి ఇళ్ళలోనో సర్దుకున్నారట. నెల తిరక్కుండా లావణ్య ఇండియా వచ్చేసింది. పాప బాగానే పుట్టింది. కానీ ఆమె మళ్ళీ ఆ దేశం వెళ్ళనంది. చివరికి సుధీరే వచ్చేసి హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకున్నాడు, శని ఆదివారాలు వచ్చిపోతుంటాడు. నాన్నకి పక్షవాతం వచ్చాక నేనూ వచ్చేశాను.

లావణ్య ఇప్పుడు తిరువూరులో ఒక స్కూల్లో టీచరు. పాప యూనిఫాం మా షాపులోనే కుట్టిస్తుంది. కిందటి జూన్‌లో కొలతలకి వచ్చినప్పుడు, పక్కనున్న మరో టీచరుతో నా గురించి చెప్పింది. "డబ్లిన్‌లో మాకు ఇల్లిద్దామని ఈయన ఎంత ప్రయత్నించారో! ఓనర్లు ఒప్పుకోలేదు. ఆ రోజు ఈయన ముఖం చూస్తే నాకే జాలేసింది."

టేపు నా చేతిలో ఉంది. పాప చేతులు చాచి నిలబడింది. భుజం కొలత రెండుసార్లు తప్పు రాశాను.

సుధీర్ ఆమెకి చెప్పలేదన్నమాట. ఎప్పటికీ చెప్పడు. నా తప్పు చెప్పాలంటే ముందు వాడి తప్పు చెప్పుకోవాలి. నేను నోరు విప్పినా అంతే, ఇద్దరిదీ బయటపడుతుంది. ఒకప్పుడు బెంచీ పంచుకున్నాం, ఇప్పుడు ఇది. బస్టాండులో ఎదురుపడితే వాడు తల దించుకుంటాడు. నాకు ఇప్పటికీ బాగుంటుంది. వాడి విషయంలో నేను పశ్చాత్తాపపడటం లేదు, పడుతున్నానని మీకు రాయలేను.

ఆమె విషయంలో? క్షమాపణ అడిగితే ఆమె నమ్ముతున్న మొగుడూ పోతాడు, నమ్ముతున్న అన్నయ్యా పోతాడు. ఆమె మంచికోసమే ఊరుకుంటున్నానా, లేక ఆ పిలుపు పోతుందన్న భయంతోనా? రెండోదే ఎక్కువని తెలుసు.

అందుకే ఆమెకి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఆ పొద్దున ఇంట్లో ఓనర్లు లేరు. నేను తప్ప ఎవరూ లేరు.