వరహాలమ్మ గుండెలో రెండో చప్పుడు

జాలరిపేట వరహాలమ్మని ఏం అడిగినా ఒకటే మాట: "నాకేటీ తెలీదు." నొప్పిగా ఉందా? తెలీదు. దడగా ఉందా? తెలీదు. ఎనిమిదేళ్ల కిందట మొగుడు జగ్గారావు బోటు పనికని ఒడిశాలోని పారాదీప్ రేవుకి వెళ్లి, అక్కడ ఇంకో కాపురం పెట్టాడని కబురొచ్చిన పూటా అంతే. ఏడవలేదు, తిట్టలేదు. కానాగంత చేపల గంప నెత్తిన పెట్టుకుని పూర్ణా మార్కెట్‌కి పోయింది. ఆవిడ గట్టితనానికి పేటంతా ముక్కున వేలేసుకుంది. గట్టితనమూ లేదు, పాడూ లేదు. లోపల మొద్దుబారిపోయింది, అంతే.

ఆ మహానుభావుడు వదిలేసిపోయినవి రెండు: ఒక చిరిగిన వల, ఒక ముసలి తల్లి. వరహాలమ్మ వలని పారేసింది, అత్తని ఉంచుకుంది. అత్త పేరు అప్పాయమ్మ. డెబ్బై దాటాయి, కళ్లు మసక, నోరు మాత్రం భేషుగ్గా పనిచేస్తుంది. కూరలో ఉప్పు దగ్గర్నుంచి కోడలి నడక దాకా అన్నిటికీ వంక పెట్టేది. పెడితే పెట్టనీ అని కోడలు రోజూ కంచంలో మొదటి ముద్ద ఆవిడకే పెట్టేది.

ఈ ఏడు ఎండల్లో వరహాలమ్మకి గంపతో నాలుగడుగులు వేస్తే ఊపిరి అందడం మానేసింది. అదే సమయానికి పేటలో గుండె పరీక్షల శిబిరం పెట్టారు. రుషికొండలో వైద్య పరికరాలు చేసే కంపెనీ నుంచి వచ్చిన కీర్తన అనే అమ్మాయి, రూపాయి కాసంత బిళ్ళ ఒకటి ఆవిడ రొమ్ము ఎముక మీద అంటించింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ ఎముక కంటికి కనపడనంతగా అదురుతుందట. ఆ అదురుని ఈ బిళ్ళ పట్టుకుంటుందట. వారం ఉంచుకుని, పొద్దునా సాయంత్రం పది నిమిషాలు కదలకుండా పడుకోవాలి. అది చూశాకే స్కానింగ్ కావాలో వద్దో, గంప ఎత్తొచ్చో కూడదో డాక్టరు చెప్తాడు. గంప దిగితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. వరహాలమ్మ చెప్పినట్టే రెండు పూటలా పడుకుంది.

వారం తర్వాత కీర్తన వచ్చి తన ట్యాబ్‌లో గీతలు చూసి మొహం చిట్లించింది.

"అమ్మా, మీ గుండె చప్పుడు పక్కనే ఇంకో చప్పుడు పడుతోంది. టిక్కు టిక్కుమని. దాని కింద అసలుది కనపడట్లేదు."

చూస్తే పుస్తెలు. మెళ్ళో తాడుకి వేలాడుతూ సరిగ్గా బిళ్ళ మీదే వాలి, ఊపిరి తీసినప్పుడల్లా దాన్ని కొడుతున్నాయి. వీపు వైపు తోసుకున్నా నడుం వాల్చేలోగా మళ్లీ ముందుకే జారుతున్నాయి.

"ఒక్క వారం తీసి దాచుకోండమ్మా. మళ్లీ వేసుకుందురు గాని."

వరహాలమ్మకి ఏమీ అనిపించలేదు. చెవి పోగు తీసినంత మామూలుగా మెడ మీదికి చెయ్యి పోనిచ్చింది. గుమ్మంలోంచి కేక వినపడింది.

"ఓలమ్మోలమ్మ! నా కొడుకు బతికుండగానే తీసెత్తావేటే? పుస్తెలు తీసీసినాక నీకు అత్తేటి? ఈ ఇంట్లో నానెవుల్ని?"

వరహాలమ్మ చెయ్యి ఆగిపోయింది. ముసలిది ఏడుస్తున్నది కొడుకు కోసం కాదు. తన కంచం కోసం, తన మంచం కోసం. కోడలి మెళ్ళో ఆ రెండు బంగారపు ముక్కలు ఉన్నన్నాళ్లే తనకి ఈ ఇల్లని నమ్మి ఎనిమిదేళ్లుగా భయంతో బతుకుతోంది. అయ్యో అనుకోవాలి కదా, అదీ అనుకోలేకపోయింది వరహాలమ్మ. చెయ్యి మాత్రం దించేసింది. రెండో వారం గీతలూ పాడైపోయాయి.

మూడో వారం మార్కెట్ మెట్ల దగ్గర కూలబడిపోయింది. గంప బోర్లాపడి చేపలన్నీ మురికి కాలవ పాలయ్యాయి. ఎవరో ఆటో ఎక్కించి పంపారు. ఇంటికొచ్చి, అత్త ఎదురుగానే పుస్తెలతాడు తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"నీకాడే ఉంచు."

అప్పాయమ్మ ఈసారి అరవలేదు. రెండు చీరలు మూట కట్టుకుని వెళ్లి గుమ్మంలో కూర్చుంది. వరహాలమ్మ పొయ్యి వెలిగించి, అన్నం వార్చి, పులుసు కాచి కంచం పెట్టింది.

"అత్తా, లెగు. కూడు సల్లారిపోతంది."

"ఏ వరసని తినీదే?"

"ఆకలేసిన వరసని. తిను ముందు."

తింది. ఉప్పు ఎక్కువైందని గొణగలేదు కూడా.

ఆ వారం గీతలు శుభ్రంగా వచ్చాయి. స్కానింగ్ తీశారు. గుండెలో కవాటం ఒకటి బాగా బిగుసుకుపోయిందట, ఆపరేషన్ తప్పదన్నారు. ఆస్పత్రిలో నర్సు కాగితాలు పట్టుకుని వచ్చి, బోసి మెడతో మంచం మీదున్న వరహాలమ్మని చూసి, పక్కనున్న ముసలావిడని చూసింది.

"సంతకం ఇంటివాళ్లే పెట్టాలి. మీ ఆయన రాలేదా?"

"లేడు," అంది వరహాలమ్మ.

"మరి ఈవిడ ఏమవుతారు?"

వరహాలమ్మ మోచేతి మీద లేవబోయింది. ఈలోగా అప్పాయమ్మ తడుముకుంటూ లేచి, నర్సు చేతిలో ఉన్న సిరా డబ్బాలో బొటనవేలు ముంచేసింది.

"కన్నతల్లిని. రాసుకో."

నర్సు రాసుకుంది. వరహాలమ్మ గోడవైపు తిరిగి, చీర చెంగు నోట్లో కుక్కుకుని భోరుమంది.