ఈకల బొంతలో గిన్నె

"ఐసులో పెట్టింది నేనే, ఇవోనా. ఏడుపు మాని ఆ కాగితం ఇలా తే."

ఉత్తరాలు ఇవ్వడానికి వెళ్లినవాణ్ణి ద్రాహోమీరా గారి మాట విని తలుపు దగ్గరే ఆగిపోయాను. చెక్ దేశపు బ్ర్నో నగరంలోని మా పరిశోధనశాలకు నేను కాపలాదారుని. డీఎన్ఏను వేడిచేసి, దాని రెండు పోగులు ఎంత వేడికి విడిపోతాయో కొలవడం ముప్పై ఏళ్లుగా ద్రాహోమీరా గారి పని. నాకు తెలిసిందంతా టీ తాగే వేళల్లో ఆవిడ చెప్పిందే.

పోగుల మధ్య కొన్నిచోట్ల రెండేసి ముడులు, కొన్నిచోట్ల మూడేసి. వేడెక్కేకొద్దీ రెండు ముడులున్న చోట్లు ముందు వదులై బుడగల్లా తెరుచుకుంటాయి. ఆపైన కొద్ది డిగ్రీల్లోనే మొత్తం విడిపోతుంది. విడిపోయిన పోగులు అతినీలలోహిత కాంతిని ఎక్కువగా మింగుతాయి, అది చూసి యంత్రం కలం కాగితం మీద పైకెక్కుతుంది. విడదీయడం ఎవరైనా చేస్తారు, కలపడానికే ఓపిక కావాలి అనేవారు ఆవిడ.

ఆ రోజు చల్లారాక కూడా కలం పైనే ఉండిపోయింది, అంటే పోగులు మళ్లీ కలవలేదు. పొద్దున్నుంచి వచ్చిన గొట్టాలన్నీ విడిగానే ఉంచాల్సినవి, వేడి నుంచి తీసి ఐసులో గుచ్చాల్సినవి. ఆ చేత్తోనే విద్యార్థిని ఇవోనా గొట్టాన్ని కూడా గుచ్చేశారు. అలా ఒక్కసారిగా చల్లబడితే పోగుకు తన జత వెతుక్కునే వ్యవధి ఉండదు, తనలో తనే ముడుచుకుపోతుంది. ఆ పిల్ల ఆర్నెల్లు కష్టపడి ఒక వైరస్ నుంచి తీసినదాంట్లో మిగిలిన చివరి చుక్క అది. పోగులు మళ్లీ కలుస్తాయని సోమవారం తన పని పరీక్షించే పెద్దల ముందు చూపించాలి.

ఆవిడ తనను తాను తిట్టుకోలేదు. ఉప్పునీళ్లు ఒక బొట్టు కలిపారు. పోగులు రెండూ ఒకే రకం విద్యుత్తు మోస్తూ ఒకదాన్నొకటి తోసుకుంటాయట, ఉప్పు ఆ తోపులాటను తగ్గిస్తుందట. మళ్లీ వేడిచేసి తప్పు ముడులు విప్పాలి, తర్వాత పెద్ద గిన్నెడు వేడినీళ్లలో గొట్టం నిలబెట్టి తెల్లారేదాకా చల్లారనివ్వాలి. కానీ ఆ రోజు శుక్రవారం, సాయంత్రానికి భవనంలో హీటర్లు కట్టేస్తారు, నీళ్లు త్వరగా చల్లారిపోతాయి. తువ్వాళ్లు చుడతానంది ఇవోనా. అవి రెండు గంటలు కూడా వేడి నిలపవన్నారు ఆవిడ.

మా ఇళ్లలో సగం ఉడికిన అన్నాన్ని ఈకల బొంతలో చుట్టి మంచం మీద పెడతాం, మిగతా సగం అక్కడే ఉడుకుతుంది. ఆ సంగతి ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది.

"నా డీఎన్ఏ కూడా అన్నంలా మెత్తబడుతుందేమో," అంది ఇవోనా కళ్లు తుడుచుకుంటూ.

"మెత్తబడితే మీ పెద్దలకు వడ్డిద్దాంలే," అని ఆవిడ నా చేతిలో తాళంచెవి పెట్టారు.

"ఒతాకర్, మా ఇంటికెళ్లు. మంచం మీద బొంతలో అన్నం గిన్నె ఉంటుంది. రెండింటికి మా ఆయన హూబెర్ట్ ట్రాము దిగొచ్చి తింటాడు, పాపం పొద్దున అయిదింటి నుంచీ నడుపుతున్నాడు. బొంత ఇక్కడికి తేవాలి, దాని బదులు గిన్నెకు నీ కోటు చుట్టు, గట్టిగా, మూత కదలకుండా. వచ్చేటప్పుడు చలేస్తే ఆ బొంతే కప్పుకుని రా. వీధిలో ఎవరు నవ్వినా ఆగకు."