సరస్సు ఒక్కరోజు నడక ఉందనగా ఆగిపోయిన మార్తమ్మ

2022 ఆగస్టు. కశ్మీరు కొండల్లో ఒక సరస్సుకు ఇంకా ఒక్కరోజు నడక దూరంలో మా డేరాలు వేసుకున్నాం. కడపలో నాదొక చిన్న ఆఫీసు. ఏడాది పొడవునా మనవాళ్ళను ఆ కొండలకు తీసుకుపోవడమే నా పని. మంచు కరిగిన నెలల్లో నడకలు, ఆ తర్వాత నీటి ఒడ్డున డేరాల్లో బస, చలికాలమైతే కింది లోయలో మంచులో ఆటలు. మన ఎండల్లో మాడిన మనిషి ఆ నీలం నీళ్ళను మొదటిసారి చూసినప్పటి ముఖం చూడాలి. ఇన్నేళ్ళయినా నాకది విసుగు పుట్టలేదు.

ఆ బృందంలో పదకొండు మంది. కడప, కర్నూలు చర్చిల నుంచి కలిసి వచ్చారు. అందరిలోకీ పెద్ద మార్తమ్మ. అరవై దాటాయి. మంగంపేట గనుల్లో ముగ్గురాయి మోసి బతికిన మనిషి. రెండు రోజులుగా కుర్రకారంతా ఆమె వెనకే రొప్పుతూ నడుస్తున్నారు. ‘‘సచ్చేలోపల ఆ నీళ్ళకాడ ఒకసారి మోకరించల్ల నాయనా’’ అని బయల్దేరేముందే నాతో చెప్పింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె డేరాలో పడుకుండిపోయింది.

‘‘తల పగిలిపోతాండాది నాయనా. కడుపులో తిప్పుతాండాది.’’

మా వృత్తిలో దీన్ని ఏఎంఎస్ అంటాం, అంటే ఒంటికి ఎత్తు పడకపోవడం. తలనొప్పితో ఎవరినీ పైకి పంపకూడదు, తగ్గకపోతే కిందికి దించేయాలి. ఇందులో మొహమాటాలు లేవు. ఆక్సిమీటర్, అంటే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే చిన్న పరికరం, ఆమె వేలికి పెట్టాను. ఆ ఎత్తుకు రీడింగు బాగానే ఉంది. పెదాలు మాత్రం ఎండి పగిలాయి. పక్కనున్న సీసా పొద్దున నింపింది నింపినట్టే ఉంది.

‘‘నీళ్ళు తాగలేదా?’’

‘‘గొంతు తడుపుకున్యా.’’

నాకు ఒళ్ళు మండింది. ‘‘ఎన్నిసార్లు చెప్పినానమ్మా! చిన్నపిల్లవా నువ్వు?’’ అని కసురుకున్నాను.

ఆమె నా వైపు చూడలేదు. ‘‘తాగితే యాడికి పోవల్లప్పా? ఆ గుడ్డ మరుగు ఒకటే ఉండాది. మొగోళ్ళు దాని ముందరే నిలబడుకోనుంటారు. ఈడ చెట్టూ లేదు, పుట్టా లేదు. గనికాడా ఇంతే. ఇంటికి పోయేదాకా నీళ్ళు ముట్టేదాన్ని కాదు.’’

సిగ్గుతో తల వాలిపోయింది నాకు. బస్సు ప్రయాణమంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేసే అమ్మ కడుపున పుట్టినవాణ్ణి నేను. బూట్లు, కోట్లు, మాత్రలు అన్నీ సరిచూసుకుని, పదకొండు మందికీ కలిపి ఒక్క టాయిలెట్ టెంట్ మోయించుకొచ్చాను.

వెంటనే సామాన్ల డేరా ఖాళీ చేయించి, దూరంగా బండల చాటున ఆడవాళ్ళకు వేరే మరుగు కట్టించాను. మార్తమ్మకు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు కొద్దికొద్దిగా పట్టించాను. మరుసటి రోజు నడక ఆపేశాను. అప్పటికీ నొప్పి తగ్గకపోతే ఆమె కిందికి దిగాల్సిందే. ఆ మాట చెప్పినప్పుడు మాత్రం ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సాయంత్రం భోజనాల డేరాలో అందరినీ కూర్చోబెట్టాను. ఆమె పరువు పోకూడదని, పైన వాతావరణం బాగాలేదని ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాను. ‘‘పైన వాన...’’ అన్నానో లేదో మార్తమ్మ లేచింది.

‘‘వానా లేదు గీనా లేదు. ఒంటికి పోవల్సొస్తాదని నేను నీళ్ళు తాగలా. అందుకే పడినా. మీలో ఎవురెవురు తాగలేదో చెప్పండి. దీంట్లో సిగ్గేముండాది?’’

మగవాళ్ళు తలలు వంచుకుని కంచాల్లోకి చూశారు. ముందు కర్నూలు నుంచి వచ్చిన టీచరమ్మ చెయ్యెత్తింది. తర్వాత మిగిలిన ముగ్గురూ. బృందంలో ఉన్నదే అయిదుగురు ఆడవాళ్ళు. వాళ్ళలో ఇంకో ఇద్దరికి అప్పటికే తల బరువెక్కిందట, ఎవరూ బయటపెట్టలేదు.

మరునాటి సాయంత్రానికి అందరి తలనొప్పులూ పోయాయి. ఆ తర్వాతి రోజు సరస్సు చేరాం. మార్తమ్మ ఒడ్డున మోకరించి ఎంతసేపటికీ లేవలేదు. మేమూ పిలవలేదు.

ఆ రోజు ఆమె ఊరుకుని ఉంటే నా అబద్ధం చెల్లేది. ఆ నలుగురూ ఎండిన గొంతులతోనే పైకెక్కేవాళ్ళు. ఒకరి పరువు కాపాడాననుకుంటూ నేను నలుగురి ప్రాణాల మీదికి తెచ్చేవాణ్ణి. ఇప్పుడు ప్రతి బృందానికీ కడపలోనే, మగవాళ్ళ ఎదుటే, మొట్టమొదట ఈ సంగతే చెబుతాను. చెప్పేటప్పుడు నాకింకా నోరు తడబడుతుంది. ఆమెకు తడబడలేదు.