స్విట్జర్లాండు మీదుగా రెండు సీట్లు

రెండువేల సంవత్సరం రావడానికి ఇంకా రెండు నెలలుందనగా జరిగిన సంగతి ఇది. అప్పటికి సిడ్నీలో బ్లాక్‌టౌన్ స్టేషన్ ఎదుట ఉన్న ఒక చిన్న ట్రావెల్ ఏజెన్సీలో నేను చేరి ఏడు నెలలయింది. మా ఆయన సిటీలో ఒక బ్యాంకు పాత కంప్యూటరు ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే పనిలో ఉండేవారు. జనవరి దాటాక ఆ పని ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు. అందుకని నా ఉద్యోగం పోకూడదన్న భయం నాకు మొదటి రోజు నుంచే ఉండేది.

మా మేనేజరు యాభై ఏళ్ళ ఆస్ట్రేలియన్ ఆవిడ. యూరప్ రైళ్ళ పని నాకు అప్పగించి, రెండు ముక్కలు బాగా గుర్తుపెట్టుకోమంది. కొన్ని దేశాలకు కలిపి కొనే రైలు పాస్ ఉంటే యూరప్‌లో రైలు ఎక్కే హక్కు మాత్రమే ఉంటుంది. దూరం వెళ్ళే వేగమైన రైళ్ళలో కూర్చోవాలంటే సీటు విడిగా రిజర్వు చేయించాలి. ఇది అర్థం కాక జనం అక్కడికి వెళ్ళి నిలబడి ప్రయాణం చేస్తారని, ప్రతి ఒక్కరికీ ఓపికగా చెప్పాలని అంది. నేను చెప్పేదాన్ని. అందరికంటే ఎక్కువసార్లు చెప్పించుకున్నవారు మా వెనక వీధిలో హలాల్ మాంసం, బియ్యం, పప్పులు అమ్మే అంకుల్.

ఆయనది నల్లగొండ. పన్నెండేళ్ళుగా ఆ కొట్టు ఒక్కరోజూ మూయలేదు. ఆంటీకి మోకాళ్ళ నొప్పులు. ఇంకా ముదిరితే ఎటూ తిరగలేమని, నవంబరులో ఇద్దరూ పారిస్, ఇటలీ చూసి రావాలనుకున్నారు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న పుకారు వల్ల డిసెంబరు లోపలే తిరిగి ఇల్లు చేరాలని ఆయన పట్టు. యూనివర్సిటీలో చదువుతున్న కూతురు ఆ మూడు వారాలు కొట్టు చూసుకుంటుందన్నారు.

"సీటు పక్కా గద బేటా? నడుమల ఎవరన్న వచ్చి లేవమంటే ఆంటీ నిలబడలేదు," అన్నారాయన.

"నంబరు మీ పేరు మీద ఉంటుంది అంకుల్. మిమ్మల్ని ఎవరూ లేపరు," అన్నాను.

పారిస్ నుంచి మిలాన్‌కు రెండు దారులున్నాయి. ఒకటి ఫ్రాన్స్ నుంచి నేరుగా ఇటలీలోకి దిగుతుంది. రెండోది స్విట్జర్లాండు మీదుగా, సరస్సుల పక్కనుంచి, మంచుకొండల మధ్య నుంచి పోతుంది. రెండింటిలోనూ సీట్లున్నాయి. కొండలు కనబడతాయి అంటే ఆంటీ ముఖం వెలిగింది. నేనే ఉత్సాహంగా రెండో దారిలో, కిటికీ పక్కన, ఎదురెదురుగా రెండు సీట్లు వేశాను. పాస్‌ల మీద పాస్‌పోర్టు నంబర్లు నా చేత్తో రాశాను. ముదురునీలం రంగు భారతీయ పాస్‌పోర్టులు. మూడు సింహాల బొమ్మ నా కళ్ళ ముందే ఉంది.

వాళ్ళు బయలుదేరిన వారానికి, ఒక శుక్రవారం మధ్యాహ్నం, వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో పరిశోధన చేసే ఒక తెలుగాయన వచ్చారు. ఆయనకూ యూరప్ పాస్ కావాలి. నేను అదే కొండల దారి గురించి గొప్పగా చెప్పబోతే ఆయన తల అడ్డంగా ఊపారు.

"అది వద్దండీ. నాది ఇండియన్ పాస్‌పోర్ట్. ఫ్రాన్స్, ఇటలీలకు కలిపి ఇచ్చే షెన్‌గెన్ వీసా స్విట్జర్లాండ్‌లో చెల్లదు, దానికి సెపరేట్ వీసా తీసుకోవాలి. రైల్లోంచి దించేస్తారు."

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. తర్వాత ఆయన ఏం అడిగారో, నేను ఏం చెప్పానో గుర్తులేదు. ఆయన వెళ్ళాక బీరువాలోంచి అంకుల్ కాగితాల నకళ్ళు తీశాను. ఫ్రాన్స్ వాళ్ళిచ్చిన వీసా ఒక్కటే ఉంది. ప్రయాణం మర్నాడే, శనివారం. పారిస్‌లో పొద్దున బయలుదేరే రైలు, అంటే మాకు శనివారం సాయంత్రం.

మేనేజరు నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉంది. లేచి వెళ్ళి చెప్పాలి. లేవలేదు. ఒక్క మాటతో ఉద్యోగం పోతుందనిపించింది. మా ఆయన కాంట్రాక్టు, ఫ్లాటు అద్దె, ఇండియాలో అందరికీ ఉద్యోగం వచ్చిందని చెప్పుకున్న మాట, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. నేనే హోటలుకు ఫోన్ చేసి, వాళ్ళను వేరే దారిలో వెళ్ళమని చెప్పేస్తే ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను. ఆ నకళ్ళు మడిచి నా బ్యాగులో దాచుకున్నాను. అయిదున్నరకు "హావ్ ఎ గుడ్ వీకెండ్" అని చెప్పి బయటికొచ్చాను. మేనేజరు ముఖం చూడలేదు.

ఇంటికి రాగానే పారిస్ హోటలుకు ఫోన్ చేశాను. వాళ్ళ ఇంగ్లీషు నాకు, నా ఇంగ్లీషు వాళ్ళకు సగమే అర్థమైంది. చివరికి తెలిసిందేమిటంటే, వాళ్ళిద్దరూ రెండు రోజుల క్రితమే గది ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఎక్కడికో తెలియదన్నారు. రిసీవరు పెట్టేశాక వంట మాట మరిచి ఫోన్ పక్కనే కూర్చున్నాను. మా ఆయన ఆఫీసునుంచి వచ్చి, ఏమైందని అడిగితే, తలనొప్పిగా ఉందని అబద్ధం చెప్పాను.

శనివారం పొద్దున కొట్టు తెరిచే వేళకే వెళ్ళాను. కూతురు ఒక్కతే ఉంది, బియ్యం బస్తాలు సర్దుతోంది. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది. ముందు మామూలుగా, అమ్మానాన్నలు ఎక్కడున్నారని అడిగాను. పారిస్ మసీదులో పరిచయమైన ఒక హైదరాబాదాయన హోటలెందుకని తన ఇంటికి తీసుకెళ్ళాడట. ఆ నంబరు నాన్న డైరీలో ఉంది, డైరీ నాన్న జేబులో ఉంది. వాళ్ళే ఆదివారం ఫోన్ చేస్తారు. ఆ కాలంలో అంతే, వాళ్ళు చేస్తే మనం మాట్లాడాలి.

ఇక దాచలేక అంతా చెప్పాను. ఆ పిల్ల చేతిలోని బస్తా కింద పెట్టింది.

"డాడ్ హాజ్ బీపీ. యు నో దట్, రైట్?" అంది. తర్వాత, "హావ్ యు టోల్డ్ యువర్ బాస్?"

లేదన్నాను. ఎప్పుడు తెలిసిందని అడిగింది. నిన్న మధ్యాహ్నమని చెప్పాను. ఆ పిల్ల నన్ను తిట్టలేదు. కౌంటర్ మీద ఉన్న ఫోన్ నా వైపు జరిపింది.

మేనేజరు ఇంటికి ఫోన్ చేశాను. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపకుండా విని, అరగంటలో కొట్టుకు వచ్చింది. సిడ్నీలో యూరప్ రైళ్ళ సంస్థ ఆఫీసు శనివారం మూసి ఉంటుంది. ఆవిడ కొట్టులోంచే పారిస్ స్టేషనుకు ఫోన్ చేసింది. ఒకచోట నుంచి ఇంకోచోటికి మార్చారు, సంగీతం వినిపించారు, లైను కట్ చేశారు. అలా ఎన్నిసార్లో. కూతురు మధ్యలో వచ్చిన కొనుగోలుదార్లకు పప్పులు తూచి ఇస్తూనే ఉంది. నేను తలుపు దగ్గర నిలబడి గోడ గడియారం చూస్తున్నాను. సాయంత్రం ఆరు కావడానికి పావుగంట ఉండగా మేనేజరు ఫోన్ పెట్టేసి, రైలు కదిలి ఉంటుందని నెమ్మదిగా అంది.

ఆదివారం పొద్దున ఫోన్ వచ్చినప్పుడు నేను మళ్ళీ అక్కడే ఉన్నాను. ఆంటీ గొంతు. కూతురు స్పీకరు నొక్కింది.

సరిహద్దు దగ్గర ఇద్దరు పోలీసులు ఎక్కి పాస్‌పోర్టులు చూశారట. వీసా అడిగారు. అంకుల్ ఫ్రాన్స్ వీసా చూపించారు. దిగమన్నారు. "నేను లేవలె," అంది ఆంటీ. "టికెట్ మీద నంబరు చూపించిన, సీటు మీద నంబరు చూపించిన. ఇవి మావే, మమ్మల్ని ఎవరు లేపరని చెప్పిండ్రు అని అన్న. ఆడున్నోళ్ళందరు మమ్మల్నే చూస్తుండ్రు. ఆఖరికి చెయ్యి పట్టి దింపిండ్రు బిడ్డా."

ఒక చిన్న స్టేషన్ గదిలో అయిదు గంటలు కూర్చోబెట్టారట. హడావిడిలో ఒక సంచి రైల్లోనే ఉండిపోయి, మిలాన్ వైపు వెళ్ళిపోయింది. అంకుల్ బీపీ మాత్రలు అందులోనే ఉన్నాయి. ఆయనకు కళ్ళు తిరిగితే డాక్టరును పిలిపించారు. సాయంత్రం రైల్లో పారిస్‌కు తిప్పి పంపారు. ఇప్పుడు హైదరాబాదాయన ఇంట్లో పడుకుని ఉన్నారని, ఇటలీ ఊసెత్తొద్దంటున్నారని చెప్పింది. కూతురు ఫోన్ మీదికి వంగి ఏడ్చింది. నేనున్నానని ఆ పిల్ల ఆంటీకి చెప్పలేదు.

సోమవారం మేనేజరు నన్ను లోపలికి పిలిచింది. పొమ్మంటుందనుకున్నాను. వీసాల సంగతి తనూ సరిచూడలేదని, తప్పులో తనకూ భాగముందని అంది. ఆ తర్వాత మామూలు గొంతుతోనే ఇంకో మాట చెప్పింది. శుక్రవారం రైలు సంస్థ ఆఫీసు ఆరింటివరకు తెరిచే ఉంటుందట. అప్పుడే చెప్పి ఉంటే సీట్లు నేరుగా ఇటలీలోకి దిగే దారికి మార్చి, ముందు వేసిన రైలు ఎక్కే ప్లాట్‌ఫారం దగ్గరే వాళ్ళను ఆపి చెప్పమని కబురు పంపించి ఉండేదట. ఆవిడ అరిచి ఉంటే బాగుండేదనిపించింది. ఉద్యోగం ఉంచింది.

వాళ్ళు వారం ముందే తిరిగి వచ్చేశారు. మూడోనాడు అంకుల్ ఏజెన్సీకి వచ్చారు. మనిషి తగ్గిపోయారు. లేచి నిలబడ్డాను. కూర్చోమన్నారు.

"ఒక్కటే అడుగుత బేటా. తెల్వక చేసినవా? తెలిసి చెప్పలేదా?"

మొదటిదే చెప్పి ఊరుకోవచ్చు. కూతురు ఎంతవరకు చెప్పిందో నాకు తెలియదు. సీట్లు వేసినప్పుడు తెలియదని, శుక్రవారం మధ్యాహ్నం తెలిసిందని, ఉద్యోగం పోతుందన్న భయంతో శనివారం దాకా దాచానని చెప్పాను.

"మొదటిది ఎవరికైన అయితది," అన్నారాయన. "రెండోది నాకింక సమజ్ గాలె."

అంతే. లేచి, తలుపు శబ్దం కాకుండా వేసి వెళ్ళిపోయారు. మేనేజరుకు ఫిర్యాదు రాయలేదు, బ్లాక్‌టౌన్‌లో తెలుగువాళ్ళెవరికీ చెప్పలేదు. చెప్తారేమోనని నెలల తరబడి భయపడ్డాను. ఎవరైనా పార్టీలో నావైపు చూసి నవ్వితే, ఈ సంగతి తెలిసే నవ్వుతున్నారనుకునేదాన్ని. కొత్త సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ ఆగలేదు. మా ఆయన కాంట్రాక్టు మార్చిలో అయిపోయి, మేలో ఇంకోటి దొరికింది. నేను ప్రతి మనిషి పాస్‌పోర్టూ తెరిచి, దారిలో తగిలే ప్రతి దేశం పేరూ కాగితం మీద రాసి, మేనేజరుకు చూపించాకే సీటు వేసేదాన్ని. నిదానమెక్కువైందని ఆవిడే విసుక్కునేది.

కొట్టుకు వెళ్ళడం మానలేదు. మానితే తప్పించుకుంటున్నట్టు ఉంటుందనిపించింది. ఆంటీ ఎప్పటిలాగే పలకరించేది, కరివేపాకు ఓ రెమ్మ ఎక్కువే వేసేది. ప్రయాణం మాట మాత్రం మా మధ్య రాలేదు.

ఏడాదిన్నర తర్వాత ఒకనాడు కూతురు కందిపప్పు తూస్తూ, మమ్మీకి ఆస్ట్రేలియన్ సిటిజెన్‌షిప్ వచ్చిందని, వచ్చేనెల తామిద్దరూ ఇటలీ వెళ్తున్నామని, డాడ్ రానన్నారని చెప్పింది. టికెట్లు పక్క ఊరు పరమట్టాలో ఎవరి దగ్గరో తీసుకున్నారట. అది చెప్పేటప్పుడు తల ఎత్తలేదు. మంచిదన్నాను. బాధపడలేదంటే అబద్ధమే. కానీ ఆ నెలంతా ఏజెన్సీలో ఫోన్ మోగినప్పుడల్లా వాళ్ళకేమైందోనని భయపడలేదు; ఆ టికెట్లు నేను వేసినవి కావు.