వదిన పోసిన ఒడి బియ్యం

శ్యామలమ్మకు అమెరికా నచ్చలేదు. నచ్చకూడదని ఉప్పల్ రింగ్ రోడ్డు దాటకముందే తీర్మానించుకుని బయలుదేరిన మనిషికి ఏ దేశమైనా ఎట్లా నచ్చుతుంది? ఆ దేశం ఆమెకు చేసిన అపకారం ఒక్కటే. ఆమె ఆడబిడ్డ గౌతమి కాపురం ఉంటున్నది అక్కడే.

నాచారం పారిశ్రామికవాడలో ఒక పచ్చళ్ల కంపెనీ ఉంది. శ్యామలమ్మ అందులో మామిడికాయలు కొట్టే పనికి చేరి, కారాలు కలిపే చోటికి ఎదిగి, చివరికి రుచి చూసే మనిషైంది. ఆమె నాలుక మీద వేసుకుని సరే అంటేగాని సీసాలకు మూతలు పడవు. 2012లో న్యూయార్కులో తినుబండారాల ప్రదర్శన ఒకటి జరుగుతుందని, అక్కడ మన కంపెనీ కూడా దుకాణం పెడుతుందని యజమాని కూతురు సాయి ప్రియ చెప్పింది. దానికొక చీర కట్టిన పెద్దమనిషి కావాలి. అన్నంలో పచ్చడి కలిపి దొరలకు రుచి చూపించాలి. పాస్‌పోర్టు ఫొటోలో కూడా నవ్వని శ్యామలమ్మను ఏరి ఏరి ఎంచుకున్న ఘనత ఆ పిల్లదే.

భర్త హన్మయ్య ఆర్టీసీ డిపోలో మెకానిక్. నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషని పీర్జాదిగూడలో వాళ్ల గల్లీ అంతా చెప్పుకుంటుంది. భార్య అమెరికా పోతుందంటే ఆయన సంబరపడ్డాడు, పెద్ద సూట్‌కేసు కొనుక్కొచ్చాడు, డిపోలో మిఠాయి కూడా పంచాడు. ఒక్క విషయంలో మాత్రం అడ్డం పడ్డాడు.

“పని జూసుకొని సక్కగ రా. గౌతమి ఇంటికి పోవుడెందుకు? ఉన్న లొల్లి సాలదా?” అన్నాడు.

“పోత. ఆమెను అడిగేదుంది.”

“పాత ముచ్చట గదనే. ఇడిసెయ్ రాదు.”

తోబుట్టువు ఒక పక్క, కట్టుకున్నది ఒక పక్క, మధ్యలో ఈ మంచి మనిషి నలిగిపోతున్నాడని శ్యామలమ్మ జాలిపడింది. ఆ జాలితో గౌతమి మీద కోపం ఇంకో వీసం పెరిగింది.

ఆ పాత ముచ్చటకు అప్పటికి ఆరేళ్లు. పీర్జాదిగూడలో ఇల్లు కట్టుకుని పాలు పొంగించిన ఏడు అది. గృహప్రవేశానికని గౌతమి అమెరికా నుంచి వచ్చింది. వస్తూనే సీసా నీళ్లు కొనుక్కుని తాగింది, దోమలన్నది, దుమ్మన్నది. పోనీలే అని శ్యామలమ్మ అన్నీ మింగింది. ఆడబిడ్డకు పెళ్లయి ఐదో ఏడు నడుస్తోంది కనుక ఒడి బియ్యం పోసి పంపాలని పట్టుబట్టింది కూడా ఆమే. అత్తమ్మకు పసుపు కుంకుమలు లేవు. అందుకని వదినే తల్లి స్థానంలో కూర్చుంది. పసుపు పట్టించిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవిక గుడ్డ, పట్టుచీర అన్నీ ఐదుగురు ముత్తయిదువల ఎదుట గౌతమి ఒళ్లో పోసింది. ఆ బియ్యాన్ని తెల్లగుడ్డలో మూటగట్టి తన చేత్తోనే సూట్‌కేసులో పెట్టింది.

ఆడపిల్ల ఆ బియ్యం అత్తవారింటికి తీసుకుపోయి, వండి, నలుగురికి పెట్టుకోవాలి. నాకు పుట్టిల్లుంది అని నలుగురికీ చెప్పుకోవడం అది. దాన్ని వదిలేసి పోయిందంటే మీరు నాకు లేరు అని చెప్పి పోయినట్టే.

మరునాడు అన్నాచెల్లెళ్లు బేగంపేట విమానాశ్రయానికి పోయారు. ఇంట్లో గ్యాస్ అయిపోయింది. కొత్త బండ పెడదామని పాతది జరిపితే దాని వెనక తెల్లగుడ్డ మూట కనిపించింది, వేసిన ముడి వేసినట్టే. శ్యామలమ్మ అక్కడే నేల మీద కూలబడింది. ఆ తరువాత లేచి అరిచిన అరుపులకు పక్కింటివాళ్లు గోడ మీది నుంచి తొంగి చూశారు. హన్మయ్య తిరిగొచ్చేసరికి ఆమె ఇంకా అరుస్తూనే ఉంది.

“నీ చెల్లెకు నా చేతి బియ్యం అంత చేదైనయా?” అని అడిగింది.

హన్మయ్య మూట వంక చూశాడు, భార్య వంక చూశాడు, గోడ వంక చూశాడు. “ఏమో,” అన్నాడు. “బరువైనయ్ అనుకుంట.”

అంతే. గౌతమి వదినకు ఫోన్ చేయలేదు, శ్యామలమ్మ ఆడబిడ్డకు చేయలేదు. అమెరికా నుంచి ఫోన్ వస్తే అత్తమ్మ చేతికిచ్చి శ్యామలమ్మ బయటికి పోయేది. అత్తమ్మకు మూట సంగతి ఎవరూ చెప్పలేదు, ముసలి ప్రాణం తల్లడిల్లుతుందని. మూడేళ్లకు ఆమె మంచాన పడి కాలం చేసింది. గౌతమి అప్పుడు కూడా రాలేదు. పాడె లేస్తుంటే శ్యామలమ్మ వీధిలో నిలబడి, పుట్టింటి బియ్యం విసిరికొట్టిన దానికి కన్నతల్లి మాత్రం ఎందుకు అని నలుగురూ వినేట్టు దుమ్మెత్తిపోసింది. పక్కన హన్మయ్య తల ఊపుతూ కన్నీళ్లు తుడుచుకున్నాడు.

న్యూయార్కులో పని సంగతి చెప్పుకునేంత లేదు. గంగిరెద్దుకు వేసినట్టు ఆమెకు పట్టుచీర, మల్లెపూల దండ వేసి నిలబెట్టారు. దొరలు వచ్చి చిటికెడంత అన్నం నోట్లో పెట్టుకుని, కళ్లనీళ్లు కారుస్తూ బాగుందని చెప్పి, ఆమె పక్కన నిలబడి ఫొటో దిగి పోయేవాళ్లు. ఒక్క సీసా కొన్న పాపాన పోలేదు.

“శ్యామలమ్మ గారూ, కొంచెం నవ్వండి. అలా చూస్తుంటే దగ్గరికి రావడానికి భయపడుతున్నారు,” అంది సాయి ప్రియ.

“కారం కలిపేటోళ్లు నవ్వుతరా మేడం? కండ్లల్ల పడ్తది.”

సాయి ప్రియ మొహం మాడ్చుకుని ఇక ఆ మాట ఎత్తలేదు. ప్రదర్శన శనివారం ముగిసింది. ఆదివారం స్నేహితుల దగ్గరికి పోతానని, మీరు హోటల్లో విశ్రాంతి తీసుకోండని చెప్పి ఆ పిల్ల పెట్టె పట్టుకుని వెళ్లిపోయింది. శ్యామలమ్మ విశ్రాంతి కోసం ఏడు సముద్రాలు దాటి రాలేదు. హోటల్ కుర్రాడికి నంబరు చూపించి గౌతమికి ఫోన్ కలిపించుకుంది.

“నేను, మీ వదినను. న్యూయార్కుల ఉన్న,” అని హోటల్ పేరు చెప్పింది.

“పొద్దున వస్త. తయారుండు,” అని గౌతమి పెట్టేసింది.

పొద్దున్నే కారు వచ్చింది. గౌతమి లావైంది, జుట్టు కత్తిరించుకుంది. దిగి కాళ్లకు మొక్కలేదు, మొక్కుతుందని శ్యామలమ్మ కూడా అనుకోలేదు.

“తిన్నవా?”

“తిన్న.”

“ఇంటికి తీస్కపోను. మా ఆయన ఉన్నడు, పిల్లలున్నరు, ఆళ్ల ముంగట లొల్లి వద్దు. అమెరికా వచ్చినోళ్లకు గా లిబర్టీ బొమ్మను సూపియ్యాలె గద, సూపిస్త,” అంది గౌతమి. శ్యామలమ్మ దారంతా కిటికీలోంచి రోడ్డును తిట్టుకుంటూ కూర్చుంది.

జెర్సీ సిటీ రేవులో పడవెక్కారు. జనం అంతా బొమ్మ కనిపించే వైపుకు ఎగబడ్డారు. ఇద్దరు తెలుగు ఆడవాళ్లు మాత్రం రెండో వైపు బల్ల మీద, మధ్యలో ఇంకో మనిషి కూర్చునేంత ఖాళీ వదిలి కూర్చున్నారు. గాలికి శ్యామలమ్మ కొంగు ఎగిరి గౌతమి మొహానికి తగిలింది. గౌతమి విసురుగా తీసేసింది. శ్యామలమ్మకు అది చాలింది.

“ఒక్కటే అడుగుత, నిజం జెప్పు. ఐదుగురు ముత్తయిదుల ముంగట నీ ఒళ్లె పోసిన బియ్యం నా గ్యాస్ బండ ఎనక పారేసి పోనీకి నీకు చేతులెట్ల వచ్చినయ్?”

గౌతమి గిర్రున తిరిగింది. “నేను పారేసిన్నా? పోసిన బియ్యం సూట్‌కేస్‌లకెల్లి మళ్ల తీస్కున్నది నువ్వు! నన్నడుగుతున్నవా?”

“నోరు కడుక్కో. నేనెందుకు తీస్త?”

“అప్పుడు మా అత్త ఈడనే ఉండె. కోడలికి ఒడి బియ్యం వచ్చినయని నాలుగిండ్లోళ్లను భోజనానికి పిలిచింది. అందరి ముంగట సూట్‌కేస్ తీస్తే మీ ఫ్యాక్టరీ పచ్చడి సీసాలున్నయ్, చీర ఉంది, బియ్యం లేవు. మీ వదిన పైకి పోసి కిందికెల్లి తీస్కున్నది అన్నది మా అత్త. ఇప్పటికీ ఫోన్‌ల అంటది. పుట్టిల్లు లేనిదాన్నంట నేను!”

“పోసిన చేతితోని తీస్కుంటరానే ఎవలన్న? ఇల్లు నిలుస్తదా?”

“మరి ఎవరు తీసిన్రు? దయ్యం తీసిందా?”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పొద్దు సూట్‌కేసును స్కూటర్ మీద పెట్టుకుని, తూకం చూసుకొస్తానని ఉప్పలయ్య దుకాణంలోని కాంటా దగ్గరికి పోయింది ఒక్కడే. వచ్చి, సరిపోయింది ఇక తాళం తియ్యకండి అన్నది కూడా అతడే.

పేరు ఎవరూ పలకలేదు. తప్పు తనది కాదని తేలితే మనసు తేలికవుతుందంటారు, అవన్నీ ఉత్త మాటలు. ఆరేళ్లు మేపి పెంచిన కోపం ఎటు పోవాలో తెలియక శ్యామలమ్మకు ఒళ్లంతా మండింది.

“ఒక్క ఫోన్ జేసి అడగకపోతివా నన్ను?” అని మళ్లీ గౌతమి మీదనే పడింది.

“అమ్మ నీ చేతికింద ఉండె. నేను కొట్లాడితే ఆమె గోసపడ్తది. నాలుగు ముద్దలు పెట్టేది నువ్వే గదా.”

“ముద్ద పెట్టకుండ మాడ్చి చంపుతననుకున్నవా?”

“అనుకున్న,” అంది గౌతమి.

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టదు. శ్యామలమ్మ చెయ్యి చాచింది. “ఫోన్ కలుపు.”

అక్కడ సాయంత్రం. వెనక టీవీలో తెలంగాణ ఉద్యమం వార్తలు గట్టిగా వినిపిస్తున్నాయి. గౌతమి ఫోన్ ఇద్దరికీ వినిపించేట్టు పెట్టింది.

“గౌతమి సూట్‌కేస్‌లకెల్లి ఒడి బియ్యం తీసింది ఎవరు?” అంది శ్యామలమ్మ, పలకరింపు కూడా లేకుండా.

టీవీ చప్పుడు ఆగింది. హన్మయ్య గొంతు వచ్చింది. “బరువు ఎక్కువ సూపిచ్చింది. ఎయిర్‌పోర్ట్‌ల అందరి ముంగట పెట్టె ఇప్పుమంటరని... బియ్యం ఆడ దొరకయా అనుకున్న. ఆమెను సాగనంపి వచ్చి నీకు జెప్దామనుకున్న. వచ్చేసరికి నువ్వు ఇల్లు పీకి పందిరేస్తున్నవ్. భయమైంది.”

“ఆ పొద్దు భయమైంది. ఎన్నేండ్లు భయపడ్డవ్? గీమెను నేను బజార్ల నిలవడి తిడ్తుంటే పక్కన తల ఊపినవ్ గద, గా తల ఎట్ల ఊపినవ్?”

“అప్పటికి ముచ్చట శాన దూరం పోయిందే,” అన్నాడు హన్మయ్య. ఆ తరువాత భయంభయంగా, “మీరిద్దరు ఒక్కకాడనే ఉన్నరా?” అన్నాడు.

గౌతమి ముందుకు వంగింది. “అన్నా, ఆఖర్ల అమ్మ నన్ను అడిగిందా?”

“అడిగింది.”

“నువ్వేం జెప్పినవ్?”

అవతల హన్మయ్య దగ్గాడు.

“ఏం జెప్పినవన్నా?”

“మీ వదినకు నీకు పడదు గదా... వస్తె లొల్లయితదని నిన్ను రావద్దంటి. అమ్మకేమో, వదిన ఉన్న ఇంట్ల కాలు పెట్ట అని నువ్వే అన్నవని జెప్పిన,” అన్నాడు హన్మయ్య.

శ్యామలమ్మకు చెవుల్లో గాలి హోరు తప్ప ఏమీ వినిపించలేదు. ఆఖరి వారం రోజులు అత్తమ్మ ఆమె చేతి ముద్దకు నోరు తెరవలేదు. చెంచాతో గంజి పోయబోతే పళ్లు బిగబట్టి గోడవైపు తిరిగేది. కొడుకు పోస్తే తాగేది. జబ్బు ముదిరి అట్లా చేస్తోందని డాక్టరు చెప్పాడు, ఆమె నమ్మింది. పక్కబట్టలు మార్చింది తను, ఒళ్లు తుడిచింది తను, ఆ ముసలామె మాత్రం కూతురిని తనకు దూరం చేసిన కోడలిని చూడలేక గోడను చూస్తూ పోయింది. అంతసేపూ హన్మయ్య అదే మంచం పక్కన గంజి గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“హలో, ఇంటున్నవా? ఏదన్న మాట్లాడే,” అంటున్నాడు ఫోన్లో.

గౌతమి ఫోన్ ఆపేసింది. పడవ ఒడ్డుకు ఆనింది, జనం తోసుకుంటూ దిగుతున్నారు. అంత పెద్ద పచ్చటి బొమ్మ నెత్తి మీదికి వచ్చి నిలబడితే ఇద్దరిలో ఒక్కరూ తలెత్తలేదు. గౌతమి ఏడ్చింది. ఓదార్చడానికి శ్యామలమ్మకు చెయ్యి రాలేదు, తను మాడ్చి చంపుతుందనుకున్న మనిషిని ఏమని ఓదార్చాలి?

“మా ఇంటికి రా వదినా,” అంది గౌతమి కాసేపటికి, మొహం తుడుచుకుని.

“రాను. హోటల్ల దింపు.”

గౌతమి మళ్లీ అడగలేదు. ఇద్దరూ దిగనే లేదు, పడవ వెనక్కి తిరిగింది. శ్యామలమ్మ కొంగు నడుముకు చుట్టి బిగించి కూర్చుంది. రేపు ఆమె విమానం. అది శంషాబాద్‌లో దిగాక, బయట జనంలో ముందు వరసలో, సామాను అందుకోవడానికి చేతులు చాచి నిలబడి ఉండేది ఆ మనిషే.